వెండితలలో కిటికీ

చీకటి గదిలో గోడ మీద పలక ఒక్కటే వెలుగుతోంది. అక్షరాలు రాని పిల్లల కోసం దాని మీద బొమ్మలు వేశారు. పైన పెద్ద ఇల్లు, దాని కింద పడవ, గొడుగు, ఆ కింద వరసల్లో ఇంకా చిన్నవి, చివరికి చీమతలంతవి. ఇంట్లో ఉడత అని పిలిచే ఐదేళ్ళ పిల్ల కుర్చీ అంచున కూచుని, కుడి కంటికి నల్ల గరిటెలాంటి మూత అడ్డం పెట్టుకుని, ఎడమ కంటితో చూస్తోంది.

"ఇదేంటి చెప్పు," అంది చుక్కలమ్మ, పుల్లతో చూపిస్తూ. కంటాసుపత్రిలో పిల్లలకు మందు చుక్కలు వేసేదీ, చూపు పరీక్ష చేసేదీ ఆవిడే. ఆ పేరు ఉడత పెట్టింది. ఆవిడకు తెలీదు.

"ఇల్లు."

"ఇది?"

"పడవ. గొడుగు."

"ఈ కింద?"

ఉడత గరిటె దించకుండానే తల్లి వైపు తిరిగింది. తల్లి కనుబొమలు రెండూ దగ్గరికి లాక్కుని, కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"అమ్మ మొహం మీద రాసి లేదు. ఇక్కడ చూడు."

ఉడత చూసింది. కాసేపయ్యాక, "గొడుగే," అంది. అది గొడుగు కాదు.

లైటు వేశారు. చుక్కలమ్మ టిక్కుల అట్ట తీసుకుని వెలుతురు వైపు పట్టుకుంది. మంచి కంటికి కట్టు కడితే మందగించిన కన్ను పని నేర్చుకుంటుందని, రోజుకు రెండు గంటలు కట్టమని, కట్టిన రోజు ఒక గడిలో టిక్కు పెట్టమని ఆరువారాల కిందట ఇచ్చిన అట్ట అది. ఆ ఆరువారాల్లో ఖాళీ గడి ఒక్కటి లేదు.

"పోయినసారి రెండో వరస. ఈసారీ రెండో వరసే. ఇన్ని టిక్కులుంటే ఇలా ఉండదమ్మా."

"రోజూ కట్టానండి. నేను తిండి మానేసిన రోజుంది గాని ఇది మానలేదు."

"అందరూ అదే చెప్తారు. టిక్కులన్నీ ఒకే పెన్నుతో ఉన్నాయి, చూడండి. ఒకేసారి కూచుని పెట్టినట్టు."

"మా ఇంట్లో ఒకటే పెన్నుందండి."

చుక్కలమ్మ నవ్వలేదు. "ఎంతవరకు చదివారు?"

"తొమ్మిది."

"అయితే అర్థమయ్యేలా చెప్తా, వినండి. పిల్ల ఏడుస్తోందని జాలిపడి తీసేసి, తర్వాత గళ్ళు నింపుకుంటే నష్టం నాకు కాదు. వచ్చే సోమవారం పెద్ద డాక్టరుగారు చూస్తారు. అప్పటికీ ఇంతే అయితే కట్టు పనిచెయ్యలేదని రాసేస్తాం. మంచి కంట్లో మందేసి దాన్నే మసక చెయ్యాలి. అదీ పట్టకపోతే ఆ కన్నింతే. వయసు దాటాక ఎవరూ ఏం చెయ్యలేరు."

ఆమె అట్ట తీసుకుని సంచిలో పెట్టుకుంది. బస్సులో ఉడత ఒళ్ళో నిద్రపోతే, ఆ చిన్న కనురెప్పల మీద ఎండా నీడా మారుతూ పోవడం చూస్తూ కూచుంది. మంచి కన్నేది, మందగించిన కన్నేది, మూసుకుని ఉంటే రెండూ ఒకటే.

*

సాయంత్రం ఆమె భర్త గుమ్మం దగ్గర చేతుల గ్రీజు కడుక్కుంటూ అంతా విన్నాడు. అతను లిఫ్టు మెకానిక్కు.

"నువ్వు కట్టావని నాకు తెలుసు, అమ్మకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?"

"ఆవిడకి."

"అయితే సాక్ష్యం పట్టుకుపో. లిఫ్టు పాడు చేశామని మామీద ఎవడన్నా అంటాడేమోనని, పని మొదలెట్టే ముందు ఒక ఫోటో, అయ్యాక ఒక ఫోటో తీసి పెట్టుకుంటాం. తేదీ, టైము అన్నీ దాంట్లోనే ఉంటాయి. ఫోటో చూశాక ఎవడూ నోరెత్తడు. నీకేం, ఎలాగూ రోజూ తీస్తూనే ఉంటావు, ఆ ఇనప మనుషుల్ని."

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "ఇనుమెక్కడిదిరా, ప్లాస్టిక్కు. నా పెళ్ళి ఫోటోకి కూడా ఎవరూ నా మొహం మీదికి అంత వెలుగు పట్టలేదు. వాళ్ళకు పట్టింది మహర్దశ."

ఆ ఇనప మనుషులు ఎనిమిదిమంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ లిఫ్టు దగ్గర వదిలేసిన చెప్పుల పెట్టెలో దొరికారు. జానెడు పొడుగు, మోకాలు వంగుతుంది, మోచెయ్యి వంగుతుంది, నడుం తిరుగుతుంది. యుద్ధాలకని చేసిన బొమ్మలు, ఈ ఇంటికొచ్చి చుట్టాలయ్యారు. చెయ్యి ఊడిపోయినాయన ఒంటిచెయ్యి మామ. వీపున ఒక రెక్కే మిగిలినావిడ రెక్కల పిన్ని. తలంతా అద్దంలా మెరిసే శిరస్త్రాణం, మొహమన్నదే లేనివాడు వెండితల. వాడికి వరస కలపలేదు ఉడత. "వాడు ఎవరో ఇంకా చెప్పలేదు," అంటుంది.

*

మధ్యాహ్నం రెండయితే ఆ ఇంట్లో ఇంకో ఇల్లు మొదలవుతుంది.

కిటికీ పక్కన ఎత్తుపీట. గోడకు అంటించిన బూడిదరంగు చార్టు కాగితం మడత పడకుండా ఒంపు తిరిగి పీట మీదికి దిగుతుంది. ఫోన్లోంచి చూస్తే గోడ ఎక్కడ ఆగిందో నేల ఎక్కడ మొదలైందో తెలీదు, పొద్దు పొడవని లోకంలా ఉంటుంది. కిటికీ అద్దానికి బటర్ పేపరు. దాని గుండా వచ్చిన ఎండ మెత్తబడి, పాలు ఒలికినట్టు గదిలో పరుచుకుంటుంది. కిటికీ వైపు చెంప తెల్లగా, అవతలి చెంప నల్లగా ఉంటుంది కదా, ఆ నల్ల చెంప మీదికి వెలుగు తొయ్యడానికి తెల్లటి థర్మాకోలు మూత. అది పట్టుకోవడం ఉడత ఉద్యోగం.

ముందు కట్టు. ఆసుపత్రివాళ్ళిచ్చిన అంటు పట్టీలు మొదటి రోజే పిల్ల చెంప మీద ఎర్రటి దద్దులు లేపాయి. అందుకని ఆమె పాత దిండుగలీబు కత్తిరించి, ఉడత కళ్ళజోడు కుడి అద్దానికి తొడిగే చిన్న సంచి కుట్టింది. రెండు పొరలు, అంచున ఎలాస్టిక్కు. సూదిమొనంత వెలుగైనా దూరకుండా కుట్టానని ఆమెకు లోలోపల గర్వం. తొడిగి, ఉడతను గోడ దగ్గర నిలబెట్టి ఒక ఫోటో తీసింది. ఫోటోలో టైము రెండుగంటల మూడు నిమిషాలు.

తర్వాత పాత పళ్ళబ్రష్‌తో వెండితల భుజాల సందుల్లో దుమ్ము దులిపింది. కొవ్వొత్తి మైనం రెండు ఉండలు చేసి పాదాల కింద అద్దింది, లేకపోతే నిలబడడు. ఒక మోకాలు కొద్దిగా వంచి, బరువంతా రెండో కాలి మీదికి తోసింది. నిటారుగా నిలబెడితే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. బరువు ఒక పక్కకు వాలితేనే మనిషవుతాడు. ఇది ఎవరూ నేర్పలేదు, పిల్లను చంకనేసుకుని బస్సు కోసం నిలబడి నిలబడి ఆమెకు తెలిసిపోయింది. వెండితల వెనకగా రెక్కల పిన్నిని కూడా మైనంతో అంటించి నిలబెట్టింది.

ఫోన్ను తలకిందులుగా స్టీలు గ్లాసుకు ఆనించి రబ్బరుబ్యాండు వేసింది. అలా తిప్పితే కెమెరా కన్ను నేలకు దిగుతుంది, జానెడు మనిషి కొండంతవుతాడు. తెర మీద వెండితల ఛాతీ దగ్గర వేలితో తాకి, వెలుగు కాస్త కిందికి లాగింది. చిటికెడు పౌడరు అరచేతిలో పోసుకుని ఉఫ్ అని ఊదింది. పౌడరు మంచులా లేచి, కిటికీ వెలుగులో ఒక్కో రేణువూ తీరిగ్గా దిగుతోంది.

"వెలుగు ఇటు తొయ్యి. ఇంకొంచెం. అక్కడే ఉంచు."

ముట్టుకుంటే అదురుతుందని ఫోనుకు మూడు సెకన్ల గడువు పెట్టింది. మూడు, రెండు, ఒకటి. ఆ మూడు సెకన్లూ ఇల్లంతా ఊపిరాపుతుంది. మంచం మీద అత్తగారు కూడా దగ్గు ఆపుకుంటుంది.

"ఇప్పుడు చెప్పు. నీడ ఎటు పడింది?"

"తలుపు వైపు."

"ఎంత పొడుగుంది?"

"పీట చివరిదాకా లేదు. నా వేలంత తక్కువుంది."

"పిన్ని కాళ్ళ దగ్గర మైనం చుక్కలెన్ని?"

ఉడత ఆగింది. ఆమె ఫోను మీంచి తల తిప్పేసరికి, "మూడు," అంది. నిజంగా మూడే.

ఆమె గుండెలో ఏదో తేలిగ్గా లేచింది, పౌడరు లాగే. చూస్తోంది. ఆ కన్ను చూస్తోంది. బుధవారం మబ్బేస్తే టేబుల్ ల్యాంపుకు బటర్ పేపరు చుట్టి వెలుగు తెచ్చింది. గురువారం నీళ్ళు చిమ్మి వానలో ఒంటిచెయ్యి మామను నిలబెట్టింది. "అత్తయ్యా, మైనం చుక్కలు కూడా లెక్కపెడుతోంది," అంటే, "నా మనవరాలు ఎవరనుకున్నావు. ఆ చుక్కలావిడనే కూచోబెట్టి లెక్కపెట్టించు, చూద్దాం," అంది అత్తగారు. రోజూ నాలుగింటికి ఆఖరి ఫోటో, గోడ దగ్గర ఉడత, కట్టు సరిగ్గా. ఆ తర్వాత టిక్కు. పెన్ను అదే.

*

శనివారం సాయంత్రం కట్టు విప్పాక ఉడత నిద్రపోయింది. సోమవారం చూపించడానికి ఆమె ఫోటోలు వరసలో పెట్టుకుంటోంది. మొదటివీ చివరివీ సరే, నడుమ రెండుగంటలూ పిల్ల పనిలోనే ఉందని తెలియాలంటే బొమ్మలవి కూడా ఉండాలి. మంగళవారం నాటి వెండితల ఫోటో అన్నిటికంటే బాగా వచ్చింది. మంచులోంచి ఎవరి కోసమో వచ్చి, ఇంకా పిలవకుండా ఆగిపోయినవాడిలా ఉన్నాడు.

తల మీద మాత్రం తెల్లటి మెరుపు ఒకటి ఎబ్బెట్టుగా ఉంది. అదేమిటో చూద్దామని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. అది కిటికీ. వెండి ఒంపులో కిటికీ వంగి, వానపాములా సాగి ఉంది. ఆ పక్కన గదంతా ఉంది. మంచం, మంచం మీద అత్తగారి పాదాలు, పీట మీదికి వంగిన తన ఆకారం. గది మొత్తం గోళీకాయలో మునిగినట్టు ఉంది. ఆమెకు ముచ్చటేసింది. ఉడత ఎక్కడుందా అని ఇంకా పెద్దది చేసింది.

తన మోచేతి పక్కనే ఉంది. రెండు చేతులతో థర్మాకోలు పట్టుకుని, గడ్డం కిందికి దించి, ముక్కు ముడిచి, కళ్ళజోడు ముక్కుకొనకు జార్చి, పైనుంచి చూస్తోంది. గింజంత మొహం. ఆ మొహంలో రెండు కళ్ళూ ఉన్నాయి.

ఆమె ఫోను బోర్లించి పెట్టింది. కాసేపటికి మళ్ళీ తీసింది. బుధవారం. వెండితల తలలో ల్యాంపు, ల్యాంపు పక్కన జారిన కళ్ళజోడు. గురువారం, శుక్రవారం, ఇవాళ. వెండితల ఉన్న ప్రతి ఫోటోలోనూ ఆ గింజంత మొహం అలాగే వంగి ఉంది. తను తల తిప్పేలోపు కళ్ళజోడు పైకి ఎక్కించేసేది కాబోలు. మూడు చుక్కలు లెక్కపెట్టింది మంచి కన్ను. ఆరువారాల టిక్కుల వెనకా ఆ కన్నే ఉంది.

భర్త వచ్చాక చూపించింది. అతను ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

"ఇంత చిన్నతలకాయలో ఎవరు చూస్తారు? ఇవన్నీ తీసెయ్యి. మొదటివీ ఆఖరివీ చూపించు, చాలు. నువ్వు కట్టింది నిజమే కదా."

"నేను కట్టింది నిజమే."

"మరి?"

"అది చూడనిదీ నిజమే కదా."

అతను తల గోక్కున్నాడు. "ఆవిడ ముందే అబద్ధమంటోంది. ఇది చూపిస్తే నెత్తినెక్కి కూచుంటుంది."

"కూచుంటే కూచోనీ," అందిగాని, అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. చుక్కలమ్మ మాట మళ్ళీ వినపడుతోంది. అయితే అర్థమయ్యేలా చెప్తా, వినండి.

*

ఆదివారం రెండింటికి ఆమె పీట వేసింది, చార్టు దించింది, కట్టు మాత్రం తొడగలేదు. ఉడతను ఒళ్ళో కూచోబెట్టుకుని, వెండితల ఫోటో పెద్దది చేసి చూపించింది.

"ఇదెవరు?"

ఉడత చాలాసేపు చూసింది. "నేను," అంది చివరికి. ఇంకాసేపాగి, "వీడు చెప్పేశాడా," అంది వెండితల వైపు కోపంగా.

"కొట్టనమ్మా. ఎందుకలా చూశావో చెప్పు."

"ఆ కన్నుకి కనబడదు కదా."

"కనబడకపోతే కనబడదని చెప్పచ్చుగా."

"చెప్తే నువ్వు ఇలా అవుతావు." ఉడత కనుబొమలు రెండూ దగ్గరికి లాక్కుని, కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టింది. బుగ్గలు ఎర్రబడేదాకా వదల్లేదు.

మంచం మీద అత్తగారు నవ్వబోయి ఊరుకుంది. పోలిక అచ్చంగా ఉంది.

కిటికీ పేపరు గాలికి చప్పుడు చేస్తోంది. వెలుగు పీట మీద లేస్తూ పడుతూ ఉంది. ఆమె, "ఆ కన్నుకి ఎలా కనబడుతుందో నాకు చూపిస్తావా?" అంది.

"ఎలా?"

"ఈ ఫోన్ని నీ కన్ను చేద్దాం."

కుడి కన్ను అరచేత్తో మూసుకుని ఉడత వెండితలను చూసింది. తర్వాత చెయ్యి తీసి ఫోను తెర చూసింది. "ఇలా లేదు. ఇందులో బాగున్నాడు."

ఆమె బటర్ పేపరు ముక్క చించి కెమెరాకు అడ్డం పెట్టింది. ఉడత మళ్ళీ కన్ను మూసి, తెరిచి చూసింది. "ఇంకా."

రెండో ముక్క. "ఇంకా."

మూడోది పెట్టింది. వెండితల కాళ్ళు పోయాయి, నీడ పోయింది.

"ఇంకొక్కటి," అంది ఉడత, కూరలో ఉప్పు చూసి చెప్పినట్టు. నాలుగోది పెట్టాక కన్ను మూసి, తెరిచి, తృప్తిగా తలూపింది. "ఆ. ఇలాగే."

తెర మీద మనిషి లేడు. పొగమంచులో ఎక్కడో ఒక వెలుతురు మచ్చ ఉంది, అంతే. ఈ మచ్చను చూపించి ఆమె ఇన్నాళ్ళూ మైనం చుక్కలెన్ని అని అడిగింది.

"బాగుంది కదా," అంది ఉడత. "వాడు నీళ్ళల్లో ఉన్నట్టు లేడూ?"

ఆమె ఆ ఫోటో తీసింది. మూడు, రెండు, ఒకటి.

*

సోమవారం చుక్కలమ్మ అట్ట కోసం చెయ్యి చాపింది. ఆమె అట్ట ఇవ్వలేదు. బల్ల మీది పెన్ను తీసుకుని, ఆరువారాల టిక్కుల మీదా, ఆ వారం టిక్కుల మీదా నిలువునా ఒక గీత గీసి, అప్పుడిచ్చింది.

"ఇదేంటమ్మా?"

"కట్టానండి. కట్టడం అబద్ధం కాదు. ఇది చూడండి." ఫోను తీసి వెండితల తలను పెద్దది చేసి చూపించింది. గుడ్డ సంచి కుట్టిన సంగతి చెప్పింది, ఎర్రదద్దుల సంగతి చెప్పింది. చెప్తున్నంతసేపూ చెవులు వేడెక్కిపోతున్నాయి. "నా పక్కనే ఉండి చూసింది. నేను చూసుకోలేదు."

చుక్కలమ్మ ఫోను మీదికి వంగింది. తల్లి వేలితో పక్క ఫోటోకు జరిపింది. "ఇది దాని కన్ను. అదే చెప్పి తీయించింది."

చుక్కలమ్మ ఆ మసక వెలుగు మచ్చను చూస్తూ ఉండిపోయింది. బయట ఎవరో పిల్లవాడి పేరు పిలిచారు, వినిపించుకోలేదు. రోజూ పాతికమంది పిల్లల కళ్ళలోకి లైటు వేసి చూసే మనిషి, ఒక కంట్లోంచి బయటికి చూడటం ఇదే మొదలు అయ్యుండాలి.

"ఒకసారి ఫోనిస్తారా," అంది. లోపలికి తీసుకెళ్ళింది.

పెద్ద డాక్టరుగారు లోపలికి పిలిచి రెండు కళ్ళూ చూశారు. గొంతు మెల్లన. "బాగున్న కన్ను మూసి లేనే లేదు కదా ఇన్నాళ్ళూ. అలాంటప్పుడు కట్టు పనిచెయ్యలేదని ఎలా రాస్తాను? కట్టు మొదలే అవలేదు." అట్ట చుక్కలమ్మకిచ్చారు. "మందు ఇప్పుడొద్దు. కొత్తది ఇవ్వండి. ఇవాళే మొదటి రోజు."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తప్పు ఒప్పుకోడానికి పట్టుకొచ్చిన ఫోటోయే తలుపు తీసింది.

వరండాలో చుక్కలమ్మ అంటు పట్టీల పెట్టె తెచ్చి ఇచ్చింది. "గుడ్డ వద్దు. ఇదే అంటించండి. రోజూ ఒకే చోట కాకుండా కాస్త అటూ ఇటూ జరిపి వెయ్యండి. తీసేటప్పుడు తడిపి మెల్లగా తియ్యండి, దద్దు రాదు. వస్తే తీసుకురండి, వేరేవి ఇస్తాను." వెళ్ళబోయి ఆగింది. "ఆ పెన్ను మాటన్నాను ఆరోజు."

"ఇప్పటికీ ఒకటే ఉందండి," అంది ఆమె.

చుక్కలమ్మ ఈసారి నవ్వింది. తన జేబులోంచి నీలం పెన్ను తీసి ఉడత చేతిలో పెట్టింది.

*

రెండయింది. పట్టీ అంచులు వేళ్ళతో ఒత్తి అంటించింది. ఉడత ఏడవలేదు గాని మూతి ముడుచుకుంది. పీట మీద వెండితల, కిటికీ నిండా మెత్తటి ఎండ. ఆమె థర్మాకోలు తను పట్టుకుని ఫోను ఉడతకిచ్చింది.

"ఇవాళ నువ్వు తియ్యి. నేను వెలుగు తోస్తాను."

"ఏం అడగవా?"

"ఏం అడగను."

ఉడత ఫోన్ను ముక్కుకు ఆనించుకుంది, దూరం పెట్టుకుంది, పీట చుట్టూ మోకాళ్ళ మీద పాకింది. వేలు తెర మీద పడి నాలుగు ఫోటోలు పోయాయి. ఐదోదానికి వెండితలకు అంత దగ్గరగా వెళ్ళింది, ఊపిరికి వాడి తల మసకబారింది. అత్తగారు దగ్గు ఆపుకుని చూస్తోంది.

"అమ్మా, వీడి తలలో నువ్వు పడుతున్నావు."

"అవునా. నా మొహం ఎలా ఉంది?"

ఉడత ఎడమ కంటితో వెండి ఒంపులోకి చాలాసేపు చూసింది.

"కనబడటం లేదు," అంది తాపీగా, ఇంకొంచెం ముందుకు జరుగుతూ.